చీమల తోటలో తెగులు

సేద్యం చేసే ప్రాణి మనిషి ఒక్కడే కాదని 1874లో తేలింది. ఆ రెండో రైతు పంటకూ తెగులు పడుతుందని శాస్త్రం ఒప్పుకున్నది 1999లో. నడుమ నూట పాతికేళ్ళు గడిచాయి. ఈ కాలంలో చీమల బూజుతోటల గురించి లావుపాటి గ్రంథాలు వచ్చాయి, కొత్త జాతులకు పేర్లు పెట్టారు, ప్రయోగశాలల్లో గాజుపెట్టెల్లో పుట్టలు పెంచారు. కానీ ఏ పల్లెటూరి రైతైనా మొదటగా వేసే ప్రశ్నను మాత్రం ఎవరూ గట్టిగా వేయలేదు. ఒకే పంటను, ఒకే విత్తనంతో, తేమగా వెచ్చగా ఉండే నేలమాళిగల్లో తరతరాలుగా వేస్తూ పోతే దానికి చీడపీడలు పట్టవా? పట్టనట్టే కనిపించింది. ఆ కనిపించడమే చూసేవాళ్ళను మోసగించిందని నా వాదన. శుభ్రత ఆ తోటల సహజగుణం అనుకున్నారు. అది ఒక్క పూట ఆగినా చెడిపోయే చాకిరీ అని గ్రహించడానికి ఒక శతాబ్దం పైగా పట్టింది.

ఈ చీమలు మన దగ్గర లేవు, అమెరికా ఖండాలకే పరిమితం. అర్జెంటీనా నుంచి అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య తీరం దాకా సుమారు 250 జాతులు బూజును పెంచి, దాన్నే తిని బతుకుతాయి. వాటిలో పేరుమోసినవి ఆటా, ఆక్రోమిర్మెక్స్ అనే రెండు ప్రజాతుల ఆకుకోత చీమలు. రాత్రికి రాత్రి చెట్టును బోడి చేసి, కోసిన ముక్కలను బారులు తీరి పుట్టలోకి మోసుకుపోతాయి. ఆ ఆకులు లోపల ఏమవుతాయన్నది చాలాకాలం తేలలేదు. అమెజాన్ ఒడ్డున పదకొండేళ్ళు గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1863లో వేసిన పుస్తకంలో, పుట్ట మీది కప్పు వానకు తడవకుండా నేసుకోవడానికి అని రాశాడు. చిక్కు విప్పినవాడు చీమల పండితుడు కాదు, గని ఇంజనీరు. నికరాగువాలోని చొంతాలెస్ ప్రాంతంలో బంగారు గని నడపడానికి 1868లో వెళ్ళిన థామస్ బెల్ట్, తన పెరటి మొక్కలను చీమలు నాశనం చేస్తుంటే కోపంతో పుట్టలు తవ్వించాడు, కార్బాలిక్ ఆమ్లం పోయించాడు. లోపలి గదుల్లో గోధుమరంగు స్పంజులాంటి ముద్ద కనిపించింది. నిశితంగా చూస్తే అది నలిపిన ఆకుల పొడి, దాన్ని అల్లుకుని సన్నని తెల్లని బూజు. చీమలు ఆకులను తినడం లేదు, కప్పు నేయడమూ లేదు, వాటిని ఎరువుగా వేసి బూజును పండిస్తున్నాయని 1874లో ప్రకటించాడు. అదే ఏడు బ్రెజిల్ దక్షిణాన బ్లూమెనావులో స్థిరపడిన జర్మన్ ప్రకృతిశాస్త్రవేత్త ఫ్రిట్జ్ మ్యూలర్ కూడా తనంతట తాను అదే నిర్ణయానికి వచ్చాడు. చీమల్ని చంపబోయి చీమల సేద్యాన్ని కనిపెట్టిన బెల్ట్ కథలో ఇంకో విశేషం ఉంది. సారం పీల్చేసిన పిప్పిని చీమలు తోటలో ఉంచకుండా పాడుబడ్డ గదుల్లోకి చేరవేయడం కూడా ఆయన గమనించాడు. పారేయడం కూడా పంటపనిలో భాగమేమోనని మాత్రం ఆలోచించలేదు.

మ్యూలర్ మేనల్లుడు ఆల్ఫ్రెడ్ మోలర్ 1890లో బ్లూమెనావుకు వచ్చి మూడేళ్ళు ఉన్నాడు. 1893లో ఆయన వెలువరించిన పుస్తకం ఈ రంగానికి పునాది. బూజు కొసల్లో గుత్తులుగా ఉబ్బే చిన్న బుడిపెలను చీమలు ఏరుకు తింటాయని చూపించాడు, తోటలోని బూజుకు శాస్త్రనామం పెట్టాడు, దాన్ని విడిగా పెంచాడు. మోలర్ శిలీంధ్రశాస్త్రం నేర్చుకున్నది ఆస్కార్ బ్రెఫెల్డ్ దగ్గర. ఒక్క బీజాన్ని పట్టి, ఇంకే సూక్ష్మజీవీ కలవకుండా, స్వచ్ఛమైన సాగు చేయడంలో బ్రెఫెల్డ్ ఆ కాలానికి గురువు. ఆ శిక్షణలో పళ్ళెంలోకి చొరబడిన పరాయి బూజు అంటే ప్రయోగంలో తప్పు, చేయి కడుక్కోని విద్యార్థి అజాగ్రత్త. దాన్ని పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి, దాని పేరు రాసుకోనక్కరలేదు. ఈ పద్ధతి లేకుంటే చీమల పంట ఏమిటో తెలిసేదే కాదు. ఈ పద్ధతి వల్లే ఆ పంట తెగులు ఏమిటో తెలియలేదు. నూట పాతికేళ్ళ ఆలస్యానికి మొదటి కారణం ఇక్కడే ఉందని నేను అనుకుంటాను.

రెండో కారణం మెచ్చుకోలు. మోలర్ తర్వాత వచ్చిన ప్రతి ఆవిష్కరణా చీమల నేర్పును ఒక మెట్టు పైకెక్కించింది. కొత్త పుట్ట పెట్టడానికి ఎగిరిపోయే రాణి, పుట్టింటి తోటలోని బూజును నోటి లోపలి చిన్న సంచిలో ఉండగా చుట్టి విత్తనంగా తీసుకుపోతుందని 1898లో హెర్మన్ ఫాన్ ఇహెరింగ్ కనుగొన్నాడు. ఆ విత్తనాన్ని ఒంటరి రాణి తన మలంతోనే ఎరువు వేసి ఎలా మొలిపిస్తుందో 1905లో బెలెం నగరంలో జాకోబ్ హూబర్ వర్ణించాడు. 1907లో విలియం మార్టన్ వీలర్ ఉత్తర అమెరికా జాతుల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఇరవయ్యో శతాబ్దం నడుమ ఈ చీమలకు అంకితమైన నీల్ వెబర్ వాటిని ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పెంచి, 1972లో 'గార్డెనింగ్ ఆంట్స్' అనే గ్రంథంలో ఆ జీవితకాలపు పరిశీలనను పొందుపరిచాడు. చీమలు ఆకులను నాకి శుభ్రం చేస్తాయనీ, పరాయి మొలకలను ఏరేస్తాయనీ వెబరుకు బాగా తెలుసు. అయినా ఆయన చిత్రంలో మొత్తం మీద మిగిలేది ఒకే పంట ఉన్న స్వచ్ఛమైన తోట. ఊడ్చి తుడిచిన ఇంటిని చూసి ఊళ్ళో దుమ్మే లేదనుకున్నట్టుంది ఇది. ఆనవాళ్ళు మాత్రం మొదటినుంచీ చేతిలోనే ఉన్నాయి. చీమలను తీసేస్తే తోట కొద్దిరోజుల్లోనే పరాయి బూజుల పాలవుతుందని ఈ తోటలను పెంచినవారందరికీ తెలుసు. ఆ పరాయి బూజులు ఏవి, ఎక్కడి నుంచి వచ్చాయి, అంతకుముందు లోపలే ఉన్నాయా అన్నది మాత్రం అడగలేదు.

అప్పటికి పంట తెగుళ్ళ జ్ఞానమే లేదు కాబట్టి అడగలేదని సర్దిచెప్పవచ్చు. కాలక్రమం చూస్తే ఆ సమాధానం నిలవదు. ఐర్లండులో బంగాళాదుంప పంట 1845లో కుళ్ళిపోయింది. మొక్క మీద కనిపించే బూజు తెగులుకు ఫలితం కాదు, కారణమని మైల్స్ బర్క్‌లీ వాదించాడు, 1861లో ఆంటన్ డి బారీ నిరూపించాడు. 1869 నుంచి సిలోను కాఫీ తోటలను తుప్పు తెగులు ఊడ్చిపెట్టింది. మోలర్ బ్రెజిల్ ఓడ ఎక్కేనాటికి ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆయన గురువు బ్రెఫెల్డ్ డి బారీ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే. మనిషి పొలంలో శిలీంధ్రం పంటను చంపుతుందని తెలిసిన ఆ పరంపరే, శిలీంధ్రమే పంట అయిన చోట తెగులును వెదకలేదు. బహుశా బూజు మీద బూజు పడుతుందన్న ఊహే వింతగా తోచి ఉంటుంది.

ఇలాంటి చూపే చెదల విషయంలోనూ కనిపిస్తుంది, ఆ కథకు మన తీరంతో సంబంధం ఉంది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, తంజావూరు ప్రాంతపు చెదపుట్టలను పరిశీలించి 1779లో ఒక వ్యాసం ప్రచురించాడు. చెదల గూళ్ళలోని బూజును శాస్త్రలోకం ముందు పెట్టిన తొలి రచనల్లో అదొకటి. కోనిగ్ 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. చివరిరోజుల్లో వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో. తొలకరి వానలకు పుట్టల మీద లేచే, మనవాళ్ళు ఇష్టంగా ఏరుకొచ్చి వండుకునే పుట్టగొడుగులు ఆ చెదల పంటకు పైకి వచ్చిన గొడుగులే. చెదల సేద్యం చీమల సేద్యానికి చుట్టం కాదు, ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట వేరుగా పుట్టింది. అయినా కథ ఒకే దారిన నడిచింది. 1906లో సిలోనులోని పేరాదెనియ తోటలో టామ్ పెచ్, గూటి ముద్దను చెదల నుంచి విడదీసి ఉంచితే దాని నుంచి జైలేరియా అనే ఇంకో శిలీంధ్రం లేస్తుందని గమనించాడు. పనివాళ్ళు ఉన్నంతసేపు అణిగి ఉండి, పోగానే పైకి లేచే కలుపు అది. పెచ్ దాన్ని చూశాడు, రాశాడు. అమెరికాలో చీమల పండితులు ఆ మాట తమ తోటలకు అన్వయించుకుని ఉంటే కథ తొమ్మిది దశాబ్దాల ముందే తేలేది.

చీమల తోటల్లోని పరాయి బూజులు కూడా కాగితాల మీదికి రాకపోలేదు. 1972లో హాన్స్ క్రైజెల్ క్యూబా చీమల తోటల నుంచి తీసిన ఒక శిలీంధ్రాన్ని వర్ణించాడు. ఆయన పెట్టిన పేరు నామకరణ నియమాలకు నిలవకపోవడంతో 1990లో బ్రెజిల్ పరిశోధకులు దాన్ని ఎస్కోవాప్సిస్ అని తిరిగి పిలిచారు. అయినా అది ఒక జాబితాలో ఒక పేరుగానే ఉండిపోయింది. దాన్ని దోషిగా నిలబెట్టింది టొరంటో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ విద్యార్థిగా పనామా అడవుల్లో తిరిగిన కామెరాన్ కరీ. ఆయన చేసింది పెద్ద యంత్రాలు కావలసిన పని కాదు. ఎన్నో పుట్టల తోటల నుంచి చిన్నచిన్న ముక్కలు తీసి పళ్ళేల్లో పెంచాడు, పరాయిది మొలిస్తే పారేయకుండా లెక్క రాసుకున్నాడు. వేరువేరు జాతుల చీమల తోటల్లో మళ్ళీ మళ్ళీ అదే ఎస్కోవాప్సిస్ వచ్చింది. దాని బీజాలను తోటల మీద చల్లి చూస్తే పంట దెబ్బతింది, పోషణ తగినంత లేని తోటలు పూర్తిగా పోయాయి. రాణి మోసుకొచ్చే విత్తనంలో అది లేదు, పుట్ట పెట్టిన తర్వాత బయట నుంచే చేరుతోంది. 1999లో ఉల్రిచ్ మ్యూలర్, డేవిడ్ మాలోక్‌లతో కలిసి అచ్చు వేసిన ఆ వ్యాసం శీర్షికలోనే చీమల తోటల వ్యవసాయ రోగశాస్త్రం అన్న అర్థం ఉంది. ఆ అణుకువైన శీర్షిక వెనుక పద్ధతిలో పెద్ద తిరుగుబాటు ఉంది. చెత్తబుట్టలో పడవలసిన పళ్ళేలను సాక్ష్యంగా చూడటమే ఆ తిరుగుబాటు. తర్వాతి పరిశోధన, ఎస్కోవాప్సిస్ ఆకుల కోసం పంటతో పోటీపడే కలుపు కాదనీ, పంట బూజునే తినేసే పరాన్నభుక్కు అనీ తేల్చింది. మన వ్యవసాయ శాఖవాళ్ళు పంటతెగుళ్ళ మీద జీవశిలీంధ్రంగా వాడమనే ట్రైకోడెర్మాకు అది దగ్గరి చుట్టం. మన పొలంలో కాపలాదారైన వంశం చీమల పొలంలో దొంగ.

తెగులు పేరు తెలిసిన తర్వాత, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పాత పరిశీలనలన్నీ ఒక్క కథగా అమరాయి. ఇహెరింగ్ చూసిన నోటిసంచి విత్తనం మోసే బుట్ట మాత్రమే కాదు. పనిచీమలు తోటను నాకి ఏరిన బీజాలు చేరేది అందులోకే, అక్కడ వాటి మొలకెత్తే శక్తి పోతుంది, ఎండిన గుళికలుగా చెత్తలో పడతాయి. చీమ వక్షం వెనుక భాగంలో ఉండే గ్రంథి నుంచి ఫినైల్ అసిటిక్ ఆమ్లం వంటి బూజునాశకాలు వస్తాయని 1970లోనే జర్మన్ రసాయనశాస్త్రవేత్తలు చెప్పారు. తెగులు సోకిన ముక్కను చీమలు మొదట నాకుతాయి, లొంగకపోతే చుట్టూ ఉన్న తోటతో సహా కోసి పారేస్తాయి. ఆ పారేయడం దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే బెల్ట్ చూసి వదిలేసింది దీన్నే. పనామాలోని ఆటా కొలంబికా పుట్టల మీద ఆడమ్ హార్ట్, ఫ్రాన్సిస్ రాట్‌నిక్స్ చేసిన పరిశీలనల్లో, తోటపనివారు చెత్తను ఒకచోట దించితే అక్కడినుంచి కుప్పకు చేర్చేవారు వేరే. ఈ చెత్త పనివాళ్ళు తోటలోకి రారు. వస్తే ఆ వాసన పట్టి తోటివాళ్ళే కొట్టి తరుముతారు. తెగులు నుంచి తోటను దూరం పెట్టే ఈ కట్టుబాటు కోసం, ఆ తెగులు చెత్త మధ్యే పనిచేసే ఒక వర్గం పనివాళ్ళు ఆయుష్షు తగ్గించుకోక తప్పడం లేదు. దాన్ని మనుషుల సమాజంతో పోల్చి నీతులు చెప్పడానికి నాకు మనసొప్పదు, చీమకు ఎంపిక లేదు. అయినా ఈ సేద్యంలో శ్రమ ఎంత భాగం పంట పెంచడానికి, ఎంత భాగం తెగులు అడ్డుకోవడానికి పోతోందో ఈ కుప్ప చెబుతుంది.

కరీ బృందం అదే 1999లో చెప్పిన రెండో సంగతి ఇంకా ప్రసిద్ధి పొందింది. కొన్ని జాతుల చీమల ఒంటి మీద తెల్లటి పొడిలాంటి పూత ఉంటుంది. అంతకుముందు దాన్ని చర్మం నుంచి ఊరిన మైనం అనుకునేవారు. అది సజీవమైన బ్యాక్టీరియా అనీ, ఎస్కోవాప్సిస్‌ను అణచే మందును అది తయారు చేస్తుందనీ తేలింది. మొదట దాన్ని స్ట్రెప్టోమైసెస్ అన్నారు, 2003లో సరిదిద్ది సూడోనోకార్డియా అన్నారు. 2009లో ఒక జాతి చీమల బ్యాక్టీరియా నుంచి డెంటిజెరుమైసిన్ అనే అణువును వేరుచేశారు. పత్రికలకు ఇంతకన్నా పండుగ ఏముంది? కోట్ల ఏళ్ళుగా యాంటీబయోటిక్ వాడుతూ కూడా నిరోధకత రాని వైద్యం అంటూ రాశారు. ఇక్కడ నాకు పాత జబ్బే తిరగబెట్టినట్టు అనిపిస్తుంది. స్వచ్ఛమైన తోట అన్న ముచ్చట పోయి, ఓడిపోని మందు అన్న ముచ్చట వచ్చింది. సాక్ష్యం అంత తియ్యగా లేదు. సూడోనోకార్డియా మందు ఎస్కోవాప్సిస్‌నే కాదు, చాలా సూక్ష్మజీవులను, చివరికి చీమల సొంత పంటను కూడా అణుస్తుందని 2009లో రుచిర సేన్, ఉల్రిచ్ మ్యూలర్ బృందం చూపింది. అన్నిటికన్నా పెద్ద తోటలు వేసే ఆటా చీమల ఒంటి మీద ఈ బ్యాక్టీరియా పూతే లేదు, అవి గ్రంథిరసాలతోనూ చేతిపనితోనూ నెట్టుకొస్తాయి. శత్రువు కూడా ఊరుకోలేదు. ఎస్కోవాప్సిస్ విడుదల చేసే రసాయనాలు సూడోనోకార్డియాను చంపగలవనీ, చీమలకూ హాని చేస్తాయనీ 2018లో బయటపడింది. అంటే ఇది గెలిచిన యుద్ధం కాదు, ఎప్పటికప్పుడు నెట్టుకొస్తున్న పోరు.

ఇక నా వాదనకే ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. మొదటిది, ఎస్కోవాప్సిస్‌ను మరీ భూతంలా చూపిస్తున్నారన్నది. 2021లో బ్రెజిల్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న ఆకుకోత చీమల పుట్టల మీద దాన్ని చల్లి చూస్తే పుట్టలు కూలలేదు, దాని ఉగ్రత తక్కువేనని తేల్చారు. ఈ ఫలితాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ అది నా వాదనను పడగొట్టదు, నిలబెడుతుంది. పనివాళ్ళు నిండుగా ఉన్న తోటలో తెగులు చేయలేని పనిని, పనివాళ్ళు తగ్గిన తోటలో చేస్తుంది. తెగులు ఉగ్రత తెగులులోనే లేదు, తోటకు దక్కే చాకిరీలోనూ ఉంది. రెండోది ఇంకా లోతైనది. చీమలు ఆలోచించవు, విత్తనం ఎంచుకోవు, కాబట్టి సేద్యం అన్నది కేవలం అలంకారం అంటారు. ఆలోచన సంగతి నిజమే. అయితే నాటడం, ఎరువు వేయడం, కలుపు తీయడం, కోయడం అన్నీ ఇక్కడ జరుగుతున్నాయి. ఆకుకోత చీమల బూజు వాటి పుట్టల బయట బతకలేనంతగా మారిపోయింది, దాదాపు ఎప్పుడూ ఒకే తీగ నుంచి మరో తీగగా పాకుతుందే గానీ జన్యువులు కలిపి కొత్త రకాలుగా మారదు. అలాంటి పంటలు తెగుళ్ళకు సులువుగా లొంగుతాయని మన అరటి తోటల రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ పోలిక అలంకారమే అయితే తెగులు కూడా అలంకారంగానే ఉండాలి. అది నిజంగా ఉంది, వెదికిన ప్రతి ప్రాంతంలో ఉంది. సేద్యం అన్న మాటను నిరూపించింది చీమల తెలివి కాదు, వాటి పంటకు పట్టిన రోగం.

ఈ సేద్యం వయసెంత? 2024లో టెడ్ షుల్ట్జ్ బృందం వందలాది చీమల, శిలీంధ్రాల జాతుల జన్యువులు పోల్చి, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట మొదలైందని లెక్కగట్టింది. డైనోసార్లను అంతం చేసిన ఉల్క పడిన కాలం అది. వెలుతురు తగ్గి మొక్కలు చచ్చి, కుళ్ళే ఆకుల మీద బూజులు విజృంభించినప్పుడు చీమలు వాటిని ఆసరా చేసుకున్నాయని వారి ఊహ. పంట పూర్తిగా మచ్చికై చీమల మీదే ఆధారపడింది సుమారు 2.7 కోట్ల ఏళ్ళ కిందట. ఎస్కోవాప్సిస్ వంశవృక్షం చీమల, వాటి పంటల వంశవృక్షాలతో చాలా మేరకు జతపడుతుందని 2003లోనే కరీ బృందం చూపింది. అంటే తెగులు ఈ సేద్యానికి నిన్నగాక మొన్న వచ్చిన అతిథి కాదు. మన సేద్యానికి పన్నెండు వేల ఏళ్ళ వయసు కూడా సరిగా లేదు.

ఈ రెండు సేద్యాలు ఎదురెదురుపడే చోట తెగులును ఆయుధంగా వాడాలని కూడా చూశారు. బ్రెజిల్‌లో సాఉవా అని పిలిచే ఆటా చీమలు యూకలిప్టస్, సిట్రస్ తోటలకు ఏటా పెద్ద నష్టం చేస్తాయి. వాటి తోటలకు తెగులు అంటించి పుట్టను కూల్చాలని ఎస్కోవాప్సిస్‌తోనూ ట్రైకోడెర్మాతోనూ ప్రయోగాలు చేశారు. గాజుపెట్టెలోని చిన్న పుట్టల్లో కొన్ని ఫలించాయి, లక్షల పనివాళ్ళున్న పొలం పుట్టలు మాత్రం బీజాలను ఏరి కుప్పలో పారేస్తున్నాయి. అందుకే అక్కడ ఇప్పటికీ వాడుతున్నది సల్ఫ్లూరమిడ్ అనే రసాయనం కలిపిన ఎర గుళికలనే. పర్యావరణంలో ఎన్నటికీ కరగని పీఎఫ్ఓఎస్ రసాయనాలను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద కట్టడి చేసినప్పుడు, ఆటా, ఆక్రోమిర్మెక్స్ చీమలకు వేసే ఈ ఎరకు మాత్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు.